అలంకరణమునకు వ్యాకరణము: ఓవెన్ జోన్సు గ్రంథ విమర్శనము

లక్ష్యమును బట్టి లక్షణ మేర్పడును గాని లక్షణమును బట్టి లక్ష్య మేర్పడదనుట వైయాకరణు లందఱు నంగీకరించిన సిద్ధాంతము. మహాభాష్యకారుఁడు దీనిని లోకానుభవముచేతనే నిరూపించెను. కుండ వలయువాఁడు కుమ్మరిని వెదకికొని పోవుననియు, మాట వలయువాఁ డట్లు వైయాకరణుని వెదకికొని పోఁడనియు నాతఁడు పస్పశాహ్నికమునఁ జూపిన దృష్టాంతము విద్యార్థు లందఱెఱిఁగినదే. శబ్దము లోకమున ముందే కలదు. శాస్త్రము దానిని నియమించును గాని పుట్టింపదు. పందొమ్మిదవ శతాబ్దమున నింగ్లండు దేశమున నీ దృష్టాంతము రెండు వైపులను దలక్రిందయ్యెను. కుండ వలయువాఁడు కుమ్మరి మొగ మెఱుఁగక యంగడికిఁ బోవ నారంభించెను. కుండ చేయించువాఁడో, దానిపై నే తీగ యుండవలెను, ఏ రంగుండవలెను అని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుని యింటికిఁ బోవ నారంభించెను. అట్టి యవస్థలోఁ బుట్టినది ఓవెన్ జోన్సు 1856వ సంవత్సరమున లండనులోఁ బ్రకటించిన 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్', అనఁగా 'అలంకరణ వ్యాకరణము' అను గ్రంథము. వ్యాకరణమను పేరు దాని కెంతవఱకుఁ దగును? అట్టి పేరుగల గ్రంథ మొకటి వలయునన్న యక్కఱ యా కాలమున కేల కలిగెను? ఈ రెండు ప్రశ్నలును వేఱు వేఱు గావు. మొదటిదానికి సమాధానము రెండవదానిలోనే యున్నది.

యంత్రములు రాక పూర్వము వస్తువుయొక్క రూపమును దలఁచువాఁడును దానిని జేయువాఁడును సామాన్యముగా నొక్కఁడే. లేదా యొక్క యింటివారు, ఒక్క వృత్తివారు. నేఁతగాఁడు అంచునందలి పనిని దండ్రి మగ్గము ప్రక్కఁ గూర్చుండి నేర్చెను. బాలుఁడు పెద్దలయొద్ద మాట నేర్చినట్లే యది వాని కబ్బెను. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మచిలీపట్టణపు టద్దకమువారు దూరదేశపు వర్తకులు తెచ్చిన మచ్చులను జూచి చీటిగుడ్డలను రచించి యైరోపాకుఁ బంపిన మాట నిజమే. కాని యచ్చటను మచ్చు చేతిగుండ నడచియే బట్టపైకి వచ్చెను. కలము పట్టినవాఁడు దానిని దన పలుకుబడిలోనికిఁ ద్రిప్పికొనెను. పరదేశపు తీగయు వాని చేతఁ దెలుఁగు దేశపు నడకను బొందెను.

ఇంగ్లండున నీ సంబంధము క్రమముగాఁ దెగెను. 1752లో ఐర్లండులోని డ్రమ్‌కాండ్రా యందు ఫ్రాన్సిస్ నిక్సను రాగిపలకలతో బట్టలపై నచ్చువేయు పద్ధతిని నెలకొల్పెను. 1783లో థామస్ బెల్లు, చెక్కిన లోహపు రోలరుతో నచ్చువేయు యంత్రమునకుఁ బేటెంటు పొందెను. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు మగ్గము వచ్చెను. 1839లో లంకాషైరు మండలమందలి డార్వెనున బట్టల యచ్చు వ్యాపారముచేయు పాటరు సంస్థవారు గోడకాగితముల నచ్చువేయు యంత్రమునకుఁ బేటెంటు తీసికొనిరి. 1840లో బర్మింగ్‌హామునందలి ఎల్కింగ్టను సంస్థవారు విద్యుచ్ఛక్తిచే హీనలోహముపై వెండిపూఁత పూయు విధానమునకు హక్కు పొందిరి. వీనిలో నొక్కొక్కటియు రూపమును జేతినుండి కొంత దూరము తొలఁగించెను.

ఇందు గమనింపవలసిన కార్యకారణ భావ మొకటి కలదు. పూర్వము అలంకరణ మనఁగా శ్రమ. పని యెక్కువగల వస్తువునకు వెల యెక్కువ. కావున నలంకరణము సంపదకుఁ జిహ్నమై యుండెను. రోలరుమీఁద నొక్కమాఱు చెక్కిన తీగ వేలకొలఁది గజముల బట్టపై వ్రాలును. అట్లగుటచే సాదాబట్టకును బూలబట్టకును వెలలోఁ గల యంతరము మిక్కిలి తగ్గెను. పైపెచ్చు, ముతుక నేఁతయందలి లోపమును బూవులు గప్పును. కాఁబట్టి వెలహెచ్చు వస్తువునకే చెల్లిన యలంకరణము చౌక వస్తువునకు మఱింత యక్కఱయైనదయ్యెను. 1842వ సంవత్సరపు రూపరచనల చట్టము అచ్చుబట్టలలోఁ బెక్కింటి రూపములకు 9 నెలల రక్షణ మాత్రమే యొసఁగెను. రూపముయొక్క యాయువు నెలలలో లెక్కింపఁబడుటయే యా కాలపు రుచి యెంత వేగముగ మాఱుచుండెనో తెలుపును. భాషలో నొక మాట స్థిరపడుటకుఁ దరములు పట్టును. అంగడిలో నొక తీగ పాతఁబడుటకు నొక ఋతువు చాలెను.

ఇందులకుఁ గొనువారిని నిందించుట తగదు. కర్మాగారముల మూలమునఁ గొంత కలిమి చేకూరి క్రొత్తగా నిండ్లు దిద్దుకొన్న మధ్యమ తరగతివారికి, తమ తాతలు ధనికుల యిండ్లలోఁ జూచిన తివాసియుఁ, బూలగోడయు, వెండివలె మెఱయు తేనీటిపాత్రయు నందుబాటులోనికి వచ్చెను. వారి యానందము కపటము గాదు. అయితే వస్తువు మంచిచెడుల నెఱుఁగుటకుఁ బూర్వులకు సాయపడిన గుఱుతులు రెండు, అనఁగాఁ జేసినవాని పేరును, పని యెంతకాలము పట్టినదను నెఱుకయు, వారికి లేకపోయెను. వెలను జూచి పనితనము నూహించు నలవాటు చెడెను. దాని స్థానమున మఱియొక ప్రమాణము పుట్టలేదు.

ఈ లోపమును బ్రభుత్వము ముందుగా వ్యాపారపు లోపముగాఁ జూచెను. ఫ్రాన్సు దేశపు రూపములతోఁ దమ వస్తువులు సరిదూఁగుట లేదను చింతచేఁ బార్లమెంటువారు 1835, 1836 సంవత్సరములలో నొక విచారణ సంఘమును నడపిరి. 1837లో లండనునందలి సోమర్సెట్ హౌసులో రూపరచన పాఠశాల స్థాపింపఁబడెను. రుచి బడిలో నేర్పఁదగిన పాఠమను భావ మిచ్చట మొలకెత్తెను. దానిని బెంచినవారిలో ముఖ్యుఁడు హెన్రీ కోలు (1808–1882). అతఁడు ఫెలిక్స్ సమ్మర్లీ యను మాఱుపేరుతో రచించిన తేనీటిపాత్రల వరుస 1846లో బహుమానము నందెను. 1849 మొదలు 1852 వఱకు రూపరచనను గూర్చిన పత్రిక నొకదానిని నడపెను. 1851వ సంవత్సరపు మహాప్రదర్శనమునకుఁ బాటుపడిన ప్రముఖులలో నొకఁడు.

ఆ ప్రదర్శనము హైడు పార్కులో మే 1వ తేదీ మొదలు అక్టోబరు 15వ తేదీ వఱకు జరిగెను. జోసెఫ్ పాక్‌స్టను ఇనుముతోను దాదాపు 3 లక్షల గాజుపలకలతోను గట్టించిన స్ఫటికసౌధమునకు 60 లక్షలకుఁ బైగా జనులు వచ్చిరి. లోపలి యినుప పనికి నెఱుపు, పసుపు, నీలి రంగులు వేయించినవాఁడు ఓవెన్ జోన్సే. యంత్రముల మహిమను జూపుటకుఁ గట్టిన యా సౌధములో వివేకుల కన్నులు వేఱొక చోట నిలిచెను. హిందూదేశమునుండియుఁ దురుష్కదేశమునుండియు వచ్చిన చేతిపనులలో రంగుల పొందికయు, రూపముయొక్క యేకత్వమును, వస్తువు నుపయోగమునకుఁ దగిన యలంకరణమును గలవని జోన్సు మొదలగువారు కనుఁగొనిరి. ఓరుగంటి తివాసియు నా వస్తువులలో నుండెను. యంత్రపు తివాసులపై నిలువెత్తు గులాబీలు నీడలతోఁ గూడ లేచి కాలికి దగులునట్లు గానఁబడఁగా, ఓరుగంటి నేఁతగానిది నేల నేలగానే యుంచిన పని. ఈ విపర్యయమే తరువాతి శాస్త్రమున కంతకును మూలము.

1852లో మార్ల్‌బరో హౌసునందుఁ గోలు వస్తుశాల నొకటి తెఱచెను. ప్రదర్శనమునుండి మంచి వస్తువులు కొనుటకుఁ బ్రభుత్వము 5,000 పౌనులొసఁగెను. అందొక గదిలోఁ దప్పు సూత్రముల ననుసరించిన వస్తువులు, అనఁగా పువ్వురేకునుండి దీపపు మంట వెడలు పాత్రలు, నిజమైన పూవులను బోలిన తివాసులు మొదలగునవి, నిందావాక్యములతో నుంపఁబడెను. జనులు దానికి 'భయానకశాల' యని పేరిడిరి. ఆ వస్తువుల నుత్పత్తి చేసినవారు మొఱపెట్టఁగాఁ గొలఁది కాలములోనే యది మూయఁబడెను. చార్లెస్ డికెన్సు 1854లో వెలువరించిన 'హార్డ్ టైమ్స్' నవలలో, తివాసిపైఁ బూవు లుండరాదని పసిపిల్లను గద్దించు నధికారి నొకనిని జిత్రించి యీ పద్ధతిని బరిహసించెను.

ఆ పరిహాసమున నొక శాస్త్రార్థ మిమిడియున్నది. మన యాలంకారికులును దోషప్రకరణమును వ్రాసిరి. కావ్యప్రకాశమున సప్తమోల్లాస మంతయు నదియే. కాని మమ్మటుఁడు దోషములఁ బేర్కొనుటకు ముందు దేనికి హాని కలిగింపఁగా నది దోషమగునో నిర్ణయించెను. రసమునకు భంగము కలిగించునదే ముఖ్యముగా దోషము. కనుకనే యొకచో దోషమైనది వేఱొకచో గుణమగుట సంభవించును. కోలు గదిలో దోషముల పట్టిక కలదు, రసవిచారము లేదు. పూలతివాసిని గొన్న గృహిణి దానియం దేమి కోరెను? వాన, పొగ, మసిగల యూరిలోఁ దోఁట లేని యింటికిఁ బూవులు దెచ్చుకొనెను. ఆ కోరిక కెట్టి రూపము తగినదని విచారింపక రూపమును మాత్రమే నిషేధించిన శాస్త్రము సహృదయులను బుట్టింపఁజాలదు, భయపడువారినే పుట్టించును.

జోన్సు గ్రంథ మీ దోషమునుండి చాలవఱకుఁ దప్పించుకొనెను. 1809లో జనించి 1874లో గతించిన యా వాస్తుశిల్పి 1834లో స్పెయిను దేశమునందలి యల్హంబ్రా ప్రాసాదమును, ఝూల్ గూరీ యను సహచరునితోఁ గూడి కొలిచి, చిత్తరువులు వ్రాసి, శ్రమతో లక్ష్యము నభ్యసించినవాఁడు. అతని గ్రంథమున 20 ప్రకరణములు, రంగులతో శిలాముద్రణము చేసిన 100 చిత్రపత్రములు, 37 సూత్రములు గలవు. అలంకరణము నిర్మాణమును భూషింపవలెను గాని భూషణముకొఱకే నిర్మాణము చేయరాదనియు, పూవులను యథాతథముగాఁ గాక వస్తువుయొక్క తలమునకుఁ దగినట్లు సంకేతరూపమునఁ జూపవలెననియు నతని మతము. ఇందు మొదటిది క్షేమేంద్రుని యౌచిత్యవిచారమునకు దవ్వుగాదు. పూర్వుల పనులయందలి సూత్రములు మనవి యగును గాని వారి ఫలములు మనవి గావని 36వ సూత్రమునఁ దేల్చెను. కేవల మనుకరణముతోఁ దృప్తిపడు ప్రవృత్తి నాఁపుటకే యీ గ్రంథమని పీఠికలోఁ జెప్పెను. ప్రయోజనము స్పష్టము, శ్లాఘ్యము.

ఇఁక శాస్త్రపరీక్ష. మొదట లక్ష్యలక్షణ సంబంధము. పసుపు 3 పాళ్లు, ఎఱుపు 5 పాళ్లు, నీలము 8 పాళ్లు కలిసిననే సామరస్య మేర్పడునని యొక సూత్రము కలదు. ఇది లోకమందలి బట్టలను, గోడలను బరిశీలించి తీసిన నియమము గాదు. జార్జి ఫీల్డను వర్ణశాస్త్రజ్ఞుని సిద్ధాంతమునుండి తెచ్చుకొన్నది. చిరివేరు ఎఱుపే నిండిన మచిలీపట్టణపు గుడ్డ దీనికి లొంగదు. లొంగనంత మాత్రమున నసాధువు గాదు. మఱియు సూత్రములలో నుత్సర్గాపవాద వ్యవస్థ కొఱవడినది. ఒక పదార్థము వేఱొక పదార్థమువలెఁ గనఁబడునట్లు చేయుటను గూర్చిన 35వ సూత్రమునందుఁ బరిమితి యొకటి కలదు. తక్కినచోట్ల రెండు నియమములు విరోధించినప్పు డేది ప్రబలమో తెలియదు. విప్రతిషేధ విచారము లేని సూత్రపాఠ ముపదేశముల కూర్పగును గాని వ్యాకరణము గాదు.

అయినను జోన్సు లక్ష్యమునకు లొంగినవాఁ డనుటకు గొప్ప నిదర్శన మొకటి కలదు. 1856వ సంవత్సరపు గ్రంథమున చీనావారికిఁ గల్పనాశక్తి లేదని తిరస్కరించెను. తరువాత నా దేశపు మేలి వస్తువులు లండనుకుఁ జేరఁగాఁ జూచి, 1867లో చీనా యలంకరణములను గూర్చి ప్రత్యేకగ్రంథమును వెలువరించి తన మతమును సవరించుకొనెను. క్రొత్త ప్రయోగము కనఁబడినప్పుడు సూత్రమున కుపసంఖ్యానము చేర్చుట కాత్యాయనుని మార్గము. హిందూ శిల్పప్రకరణమునందును దనకు దొరకిన సామగ్రి చాలదని యొప్పుకొని, 1834లో వెలువడిన రామరాజుగారి హిందూవాస్తు గ్రంథము నాశ్రయించెను. మానసారాది శాస్త్రముల నాంగ్లమునఁ బరిచయముచేసిన యా గ్రంథముచే, రూపమునకు శాస్త్రము గల దేశ మింకొకటి కలదని యతఁ డెఱిఁగెను. ఈ వినయము పండితునకు భూషణము.

రెండవది శబ్దార్థ సంబంధము. మొదటి ప్రకరణమున న్యూజీలండు స్త్రీ ముఖముపై నున్న పచ్చబొట్టు రేఖలను ముఖముతోఁ గూడఁ జూపి, యొక్కొక్క రేఖయు ముఖావయవముల నెట్లనుసరించెనో వివరించెను. అచ్చట శబ్దమును నర్థమును గలిసియున్నవి. రంగుల పత్రములలో నట్లుగాదు. దేవాలయపు ఱాతిపనియు, పీటమీఁది పూఁతయు, తివాసి యంచును, గ్రంథపు టంచును నొకే కొలఁతకుఁ గుదింపఁబడి, యొకే కాగితముపై నొకే నున్నఁదనముతో నిలిచెను. అర్థము తీసివేసిన నిఘంటువు వంటిదా పత్రము. చదువరి శబ్దముల నందమును జూచును. ఎవరు, ఎచ్చట, దేనికొఱకుఁ బలికిరో యెఱుఁగఁడు. యంత్రము రూపమును జేతినుండి వేఱుచేయఁగా, యంత్రముద్రితమైన యీ గ్రంథము దానిని వస్తువునుండియు వేఱుచేసెను. కావుననే కర్మాగారములవారు 36వ సూత్రమును విడిచి పత్రములను బట్టుకొనిరి; అనుకరణము నాఁపఁబూనిన పుస్తక మనుకర్తలకు మచ్చుల పుస్తకమయ్యెను.

మూఁడవది యధికారి నిర్ణయము. శిల్పులు, ఉత్పత్తి చేయువారు, కొనువారు అందఱును విద్యావంతులు గానిది కళ బాగుపడదని 37వ సూత్రము. దీనిపై నొక పూర్వపక్షము రావచ్చును: పాణినీయమును జదివి సంస్కృతము నేర్చు వారనేకులు కలరు గదా, ప్రయోగము తప్పిన చోట శాస్త్రమే శరణము గదా యని. నిజమే. కాని యష్టాధ్యాయి చదువకయే సాధుప్రయోగము చేయు శిష్టులు గలరనియు, శాస్త్రము వారి వలననే ప్రమాణ మగుననియు భాష్యకారుని మతము. అలంకరణవిషయమున శిష్టు లెవ్వరు? ఓరుగంటి నేఁతగాఁడు, మచిలీపట్టణపు టద్దకమువాఁడు, అల్హంబ్రా గోడలఁ దీర్చిన యజ్ఞాత శిల్పి. వీరికి 37 సూత్రములు దెలియవు. ఆ సూత్రములు వీరి చేతులనుండి పుట్టినవి. శిష్టులు బ్రతికియుండఁగా శాస్త్రము దీపము. వారు నశింపఁగా నది శాసనము.

ఆ శతాబ్దమే వారి జీవనము నెట్లు చేసెనో చూడుఁడు. 1866లో జాన్ ఫోర్బ్సు వాట్సను హిందూదేశపు బట్టల తునుకలు 700 తీసి 18 సంపుటములుగాఁ గూర్పించెను. అట్టి ప్రతులు 20 సిద్ధమయ్యెను. 13 బ్రిటనునందును 7 హిందూదేశమునందును నుంపఁబడెను. ఇచ్చటివారి రుచి కెట్టి బట్ట తగునో యచ్చటి యుత్పత్తిదారులు తెలిసికొనుట దాని ముఖ్యప్రయోజనములలో నొకటి. జోన్సు పుస్తకమున రూపము శాస్త్రమయ్యెను. వాట్సను పుస్తకమున శాస్త్రము వర్తకమయ్యెను. 1868లో జర్మను రసాయనజ్ఞులు గ్రేబె, లీబర్మను అనువారు మంజిష్ఠయందలి యెఱుపును గృత్రిమముగాఁ జేసిరి; మఱుసటి యేఁటనే యది వ్యాపారమునకు సిద్ధమయ్యెను. మంజిష్ఠ సేద్యమును, మన తీరపు చిరివేరును గ్రమముగా వెలఁ గోల్పోయెను. మచిలీపట్టణపు తీగ లండను వస్తుశాలలో గాజుపెట్టెయందు మన్నన పొందుచుండఁగా దాని కెఱుపు నిచ్చిన వేరును ద్రవ్వువాఁడు పని లేక యుండెను.

ఈ యవస్థకు జాన్ రస్కిన్, విలియం మారిస్ అనువారు వేఱు మార్గమును దలఁచిరి. రస్కిన్ 1851 మొదలు 1853 వఱకు వెలువడిన వెనీసునగర శిల్పగ్రంథమున, పనివాని స్వేచ్ఛయే యలంకరణమునకుఁ బ్రాణమని వాదించెను. 1861లో సంస్థను స్థాపించిన మారిస్ (1834–1896), 1875 మొదలు లీకు పట్టణమునఁ దానే రంగుతొట్టిలోఁ జేతులు ముంచి యద్దకము నేర్చెను. 1881లో మెర్టన్ ఆబీయందుఁ గార్ఖానా తెఱచెను. ఇది లక్షణమునుండి లక్ష్యమునకు మరలుట. అయినను చేతిపని వెల యెక్కువగుటచే నాతని వస్తువులు ధనికులకే చేరెను. సామాన్యుఁడు పలుకని భాష యెంత సాధువైనను లోకభాష గాదు.

కావున గ్రంథనిర్ణయ మిట్లు చేయఁదగును. ఉదాహరణ సంగ్రహముగా 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్' నకు సాటి తక్కువ. జాతుల నన్నింటిని నొక్క పంక్తిలోఁ గూర్చుండఁబెట్టి, శిష్టత్వము విద్యావంతుల సొత్తు గాదని పాఠకుల కన్నులఁ దెఱపించుట దాని పుణ్యము. శాస్త్రముగా నది యసంపూర్ణము. ఏలయనఁగాఁ దానాశ్రయించిన ప్రయోగము తన కన్నులయెదుటనే తెగిపోవుచుండఁగా సూత్రముచేఁ దానిని నిలుపవచ్చునని నమ్మెను. అయితే జోన్సు కడపటి ప్రకరణమున 10 పత్రములను ఆకులకును బూవులకును విడిచి, రూపముల మూలముకొఱకు బ్రకృతినే చూడుఁడని పంపుట గమనింపఁదగినది. అది యతని ధాతుపాఠము. ధాతువులు చెడలేదు, పదములఁ గట్టు నోళ్లు మూతపడెను. కుమ్మరి యిల్లు పాడువడిన పిమ్మటఁ గుండకు లక్షణము చెప్పవచ్చును, కుండలఁ జిత్రింపవచ్చును. కాని నీరు దెచ్చుకొనుటకుఁ గుండ వలయువానికి మరలఁ గుమ్మరియే వలయును.